కవరు కింద తడి

టేపు అంచును గోటితో లేపి ఒక్క లాగు లాగితే, కాంక్రీటు మీద అంటించిన ప్లాస్టిక్ కవరు చర్రుమని లేస్తుంది. దాని వెనకే తడి సిమెంటు వాసన ముక్కుకు తగులుతుంది. ఈ రోజు పొద్దున కోదాడలో, హైవే పక్కన కొత్తగా కట్టిన కార్ల సర్వీసింగ్ షెడ్డులో ఆ చప్పుడూ ఆ వాసనా రెండూ ఒకేసారి నా మీద పడ్డాయి. కవరు తిప్పి చూశాను. లోపలి వైపు సన్నటి నీటి చుక్కలు. షెడ్డు యజమాని ప్రసాద్ గారు నా భుజం మీదుగా తొంగి చూసి, "మళ్ళీనా అండీ? బయట నిప్పులు చెరుగుతుంటే లోపల తడేంటండీ? గురువారం ఓపెనింగ్ పెట్టుకున్నాం, కార్డులు కూడా పంచేశాం" అన్నారు. "ఈ రోజు కాదండీ" అన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, ఫోన్ చెవికి పెట్టుకుని బయటకు వెళ్లిపోయారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. పోయిన వానాకాలంలో చనిపోయిన మార్తమ్మక్క మీద వచ్చింది. ఈ దిక్కుమాలిన అలవాటు నాకు అంటించి, తాను మాత్రం హాయిగా వెళ్లిపోయింది.

మా పని గురించి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో అద్దంలా మెరిసే అతుకుల్లేని నేలలు చూసే ఉంటారు. అది ఎపాక్సీ పూత. రెండు డబ్బాల్లోని మందు కలిపి కాంక్రీటు మీద పోసి పరిస్తే గట్టిపడి నేలను పట్టుకుంటుంది. పట్టుకుంటే ఏళ్ల తరబడి పట్టుకుంటుంది. కాంక్రీటులో తడి మిగిలి ఉందో, కొన్నాళ్లకు ఆ తడి పైకి రావాలని చూసి పూతను అప్పడంలా పొంగిస్తుంది. దాన్ని మేము "నేల లేచింది" అంటాం. మా వాళ్లు ఇళ్లలో చావు మాట ఎంత మెల్లగా అంటారో సైట్లో ఈ మాట అంత మెల్లగా అంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లలోనూ మార్తమ్మక్క వేసిన నేల ఒక్కటి కూడా లేవలేదు. ఆమెకు ఆస్తి అంటూ ఉంటే ఆ పేరొక్కటే.

ఆమెది తుంగతుర్తి దగ్గర పల్లె. పెళ్లయి సూర్యాపేటకు వచ్చి సిమెంటు తట్టలు మోసింది. తర్వాత చాలా ఏళ్లు మొజాయిక్ నేలలు అరగదీసే మిషను పట్టుకుంది. టైల్స్ వచ్చి మొజాయిక్ పోయాక, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కంపెనీ దగ్గర కూలీగా చేరి, వాళ్లేం కలుపుతున్నారో ఎప్పుడు పోస్తున్నారో చూసి చూసి పని పట్టేసింది. సైదులు అనే పాత మొజాయిక్ పనివాణ్ణీ ఇంకో ముగ్గుర్నీ కూడగట్టి సొంతంగా మొదలుపెట్టింది. అంకెలు చదివేది, అక్షరాలు రావు. డబ్బాలతో వచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి చదివి చెప్పే మనిషి కావాల్సి వచ్చింది. నేను డిప్లొమా చదివి, మేళ్లచెరువులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కాంట్రాక్టు మీద పనిచేసి, ఆ కాంట్రాక్టు అయిపోయి ఇంట్లో కూర్చుని ఉన్నాను. మా నాన్న తాపీమేస్త్రి. "పో, ఆ అక్క కాడ నేర్సుకో" అన్నాడు. తట్టలు మోసిన ఆడమనిషి కింద ఒక డిప్లొమా ఇంజినీరు పని చేయడమేమిటని నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి ఇంకా ఎక్కువ సిగ్గేస్తోంది.

మొదటి రోజు కుశల ప్రశ్నలు లేవు, టీ లేదు. ఒక కాగితం చేతికిచ్చి "సదువు" అంది. వేడి ఎడారి దేశాల్లో వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలని ఒక పేజీ ఉంది. చదివి, "ఇది ఎడారులకక్కా, మనకు కాదు" అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "మే నెలల కోదాడ బస్టాండు కాడ నిలబడి గీ మాటను. మనకే రాసిండు గాయన. నేల ఎంత వేడుంటె బంద్ వెట్టుమన్నడు?" చెప్పాను. ఆమె సంచీలోంచి కరోనా రోజుల్లో నుదుటి మీద పెట్టి జ్వరం చూసిన తుపాకీ లాంటి మిషను తీసి నేల మీదికి గురిపెట్టి నొక్కింది. ఎక్కడో ఆసుపత్రిలో నేల వేసినప్పుడు వాళ్లు పక్కన పడేస్తే తెచ్చుకుందట. అది మనుషుల జ్వరం చూడటానికి చేసింది కదా, నేల అంతకన్నా కాలిపోతుంటే అంకె చూపించలేక "హై" అని రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించి ఊరుకుంటుంది. "అక్కా, ఇది నేలకు పనికిరాదు. నేలకు వేరే మిషన్లు ఉంటాయి, తెప్పిద్దాం" అన్నాను. "నంబరు వస్తె పని. హై వస్తె బంద్. ఇంకేం కావాలె నాకు?" అంది. అలా ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు. ఒక్కసారి కూడా గెలవలేదు. నా చదువంతా ఒక ఎత్తు, ఆ జ్వరం మిషను ఒక ఎత్తు. పొద్దున పదింటికల్లా అది "హై" అనేది. సైదులు "నేలకు జరమొచ్చింది, పండుండ్రి" అని నీడలో తువ్వాల పరుచుకునేవాడు. సాయంత్రం నాలుగున్నర, ఐదయ్యేదాకా అందరం దాని ముఖం చూస్తూ కూర్చునేవాళ్లం.

ఆమెతో పని చేయడమంటే తల ప్రాణం తోకకు రావడమే. అడిగిందే మూడుసార్లు అడిగేది. ఆరిన నేల మీద బోర్లా పడుకుని చెంప ఆనించి వెలుతురులో బుడగలు వెతికేది. చీర గోచీ పోసి, కింద మేకులున్న చెప్పులు తొడుక్కుని పచ్చి పూత మీద కొంగలా నడుస్తూ, ఆవగింజంత బుడగ కనిపించినా "గీడ, గీడ!" అని అరిచేది. ఒక ఈగ వచ్చి పూత మీద వాలితే ఆ ఈగను తీసేదాకా లోకం ఆగిపోవాల్సిందే. ఇక ఆ కవరు! పని మొదలుపెట్టే ముందు మూడు చోట్ల ప్లాస్టిక్ కవర్లు నాలుగు వైపులా టేపు వేసి అంటించి, ఒక రోజంతా వదిలేసేది. మర్నాడు లేపితే కింద పొడిగా ఉండాలి. చుక్క కనిపిస్తే మళ్ళీ కవరు, మళ్ళీ ఒక రోజు. కలెక్టరు వచ్చి చెప్పినా వినేది కాదు.

ఆమె మాట వినకపోతే ఏమవుతుందో నాకు కోదాడలోనే తెలిసింది. ఒక మందుల గోదాములో పని. "ఒక్కసారికి సగం సగం డబ్బానే కలుపు, ఎక్కువ కలపకు" అని చెప్పి ఆమె గోదాము ఆయనతో మాట్లాడటానికి వెళ్లింది. కలిపాక గట్టిపడేలోపు ఇరవై అయిదు నిమిషాల టైము ఉంటుందని కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. సగం సగం కలుపుతూ కూర్చుంటే తెల్లారుతుందని నాలుగు డబ్బాల మందూ ఒకే బకెట్లో కుమ్మరించి కలిపేశాను. పది నిమిషాలు కాలేదు, బకెట్ వేడెక్కింది, పొగ లేచింది, కుళ్లిన చేపల కంపు కొట్టింది, బకెట్ ఒక పక్కకు కరిగి ఒరిగిపోయింది. కలిపే కర్ర మధ్యలో జెండాలా నిలబడిపోయింది. సైదులు "ఓ అక్కో!" అని కేక పెట్టాడు. ఆమె వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఎన్ని నిమిషాలని రాసిండు?"

"ఇరవై అయిదు."

"రాసినోడు ఏడ కూసోని రాసిండు?"

"...ఏసీ గదిలో అయ్యుంటుంది."

"నువ్వేడ నిలబడ్డవ్?"

ఆమె ఆ గట్టిపడ్డ ముద్దను చల్లారాక బకెట్ నుంచి ఒలిపించి, కర్ర కోయించి, మా ట్రాలీ ఆటోలో వేయించింది. ఆ రోజు నుంచి అది నా కుర్చీ. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకుని ఎక్కడ కూర్చోబోయినా, "ఇంజినీరు కుర్సీ తెండ్రి" అనేది. ఏడాది పైగా ప్రతి రోజూ నా తప్పు మీద నేనే కూర్చుని అన్నం తిన్నాను. తిట్టినా బాగుండేది, తిట్టు ఒక పూటతో పోతుంది.

ఇక మిర్యాలగూడ సంగతి. జనార్దన్ రెడ్డి అని ఒక రైస్ మిల్లు సేటు, బియ్యం బస్తాలు నింపడానికి కొత్త హాలు కట్టించాడు. దుమ్ము లేవని నేల కావాలని మార్తమ్మక్కను పిలిపించాడు. అప్పటిదాకా మేము మిర్యాలగూడ మిల్లుల్లోకి అడుగు పెట్టలేదు. ఈ ఒక్క నేల బాగుంటే పక్క మిల్లుల వాళ్లు కూడా పిలుస్తారు, ఆరుగురం రెండేళ్లు పని కోసం వెతుక్కోనక్కర్లేదు. చెడితే ఆ ఊళ్లోనే కాదు, మూడు ఊళ్లలోనూ పేరు పోతుంది. ఇది అందరికీ తెలుసు. పంతులు శుక్రవారం ముహూర్తం పెట్టాడు. సోమవారం పొద్దున మొదటి కవర్లు లేపాం. తడి. ఎండలో మిల్లు గోడలు ముట్టుకుంటే చేయి కాలుతోంది, రేకుల కింద గాలి పొయ్యి దగ్గర నిలబడ్డట్టు కొడుతోంది, కవరు కింద మాత్రం చుక్కలు. మంగళవారం లేపాం. తడి. బుధవారం ఇంకాస్త ఎక్కువ తడి.

"చుట్టూ వరి పొలాలక్కా. సాగర్ కాలువ నీళ్లు. కింద నుంచి ఊరుతోంది, ఇది ఎప్పటికీ ఆరదు" అని నేను శాస్త్రం చెప్పాను. ఆమె నేల మీద గొంతుక్కూర్చుని మూడు కవర్లూ పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. "కింది నుంచి ఊరితె మూడిట్ల ఒక్క తీరుగ ఉండాలె గద. గుమ్మం కాడ గింత ఎక్కువెందుకుంది?" నాకేం తెలుసు. గుమ్మాన్ని అడగమన్నాను, మనసులో. సేటు రోజుకు మూడుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "ఏందమ్మా, సినిమా సూస్తున్నరా కవర్లు లేపుకుంట? హైదరాబాద్ కంపెనోళ్లు మూడు దినాల్ల ఖతం చేసి పోతమంటున్నరు. తట్టలు మోసేటోళ్లకు పనిస్తె గిట్లనే ఉంటది." ఆ చివరి మాటకు సైదులు లేచి నిలబడ్డాడు. మార్తమ్మక్క కళ్లతోనే కూర్చోమంది. "మోసిన సేటూ, అబద్ధమేముంది. గందుకే తడేందో పొడేందో ఎరుకైతది" అని మళ్ళీ టేపు అంటించడంలో పడిపోయింది.

గురువారం నాకు ఓపిక చచ్చిపోయింది. నాలుగు రోజులుగా సూర్యాపేట నుంచి రోజూ వచ్చి, ఏమీ చేయకుండా కూర్చుని, సేటు చేత మాటలు పడి తిరిగి వెళ్లడం. ఆ మధ్యాహ్నం మార్తమ్మక్క గేటు దగ్గర సేటుతో మాట్లాడుతోంది. నేను ఒక్కణ్ణే హాల్లో ఉన్నాను. గుమ్మం దగ్గర కవరు లేపాను. చుక్కలు. ఒళ్లు మండిపోయింది. ఈ ముసలి మొండితనం వల్ల ఉన్న పని కూడా పోతుందనిపించింది. జేబులోంచి కర్చీఫ్ తీసి కవరు లోపలి వైపు శుభ్రంగా తుడిచాను. కవరు కింద నల్లబడి ఉన్న కాంక్రీటును రెండుసార్లు గట్టిగా అద్దాను. ఆ వేడిగాలికి అయిదు నిమిషాల్లో నలుపు పోయి తెల్లబడింది. కర్చీఫ్ జేబులో కుక్కుకుని, "అక్కా, పొడిగ ఉంది!" అని అరిచాను.

సేటు ముందుగా వచ్చాడు. "ఇగ ఏంది? మీ ఇంజినీరే అంటుండు గద! డబ్బాలిప్పుండ్రి." ఆమె వెనకాల వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కవరు లేపిన ఆ నలుచదరపు చోటు మీద ఉత్త పాదాలతో నిలబడింది. కాసేపు కిందికి చూసింది. తర్వాత నా ముఖం కేసి చూసింది. ఆ పొయ్యిలాంటి హాల్లో నా ముఖం మీద నుంచి చెమట ధారగా కారి చొక్కా కాలరులోకి దిగుతోంది.

"మొఖం తుడుసుకో" అంది.

నేను కదలలేదు.

"కర్చీఫ్ లేదా?"

సేటు ఫోన్ మోగితే అటు తిరిగాడు. నేను జేబులోంచి కర్చీఫ్ తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె పిడికిలి బిగించింది. వేళ్ల సందుల్లోంచి సిమెంటు రంగు నీళ్లు రెండు చుక్కలు నేల మీద పడ్డాయి. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను, అంతకన్నా ఆమె నోటి నుంచి ఏం వినాల్సి వస్తుందోనని భయపడ్డాను. సేటు ఫోన్ పెట్టేసి ఇటు తిరిగాడు.

మార్తమ్మక్క కర్చీఫ్ నడుముకు దోపుకుని, "సేటూ, ఇయ్యాల గాదు. మా ఇంజినీరు తడి ఉన్నదంటుండు" అంది.

"ఏందీ? ఇప్పుడే గద పొడిగున్నదని ఒర్లిండు!"

"తొందరల అన్నడు. మల్ల సూసిండు. గుమ్మం కాడ తడి ఉన్నదంట. నాదేముంది, నేను సదువుకోలే. ఆయన్నే అడుగు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. "తడి ఉంది సార్" అన్నాను. గొంతు నాది కానట్టుంది. ఇక సేటు అందుకున్నాడు చూడండి! నా చదువును, నా తెలివిని, నన్ను కన్నవాళ్లను ఒక్కరినీ వదలకుండా పావుగంట కడిగేశాడు. రేపు ముహూర్తానికి ఎమ్మెల్యే వస్తున్నాడనీ, తన పరువు పోతోందనీ, ఆ నేల మీద తడి ఎక్కడుందో చూపించమనీ నా మీదికి వచ్చాడు. పూర్తిగా పొడిగా కనిపిస్తున్న నేల మీద నిలబడి నేను "తడి ఉంది సార్" అని మళ్ళీ అన్నాను. మూడోసారి కూడా అన్నాను. మూడోసారి అనేసరికి అది నా మాటే అయింది. మార్తమ్మక్క నన్ను కాపాడటానికి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు, గోడకు ఆనుకుని నిలబడి చూసింది.

తిరుగు దారిలో ట్రాలీ వెనక నేను నా ముద్ద కుర్చీ మీద, ఆమె డబ్బాల మీద కూర్చున్నాం. చాలా దూరం వచ్చాక ధైర్యం చేసి, "ఎందుకట్ల చెప్పినవక్కా?" అన్నాను. ఆమె కొంగుతో ముఖం మీది దుమ్ము తుడుచుకుంది. "కోపం లేదనుకోకు. మస్తున్నది. గీడనే దించి పోదామన్నంత ఉన్నది." తర్వాత, "రేపటి సంది కవరు నువ్వే లేపు. నేను సూడ" అంది. "అంటే?" "అంటే నేను సూడ. తడంటె తడి, పొడంటె పొడి. నువ్వు ఏదంటె గదే." శిక్ష వేస్తోందా నమ్ముతోందా నాకు అర్థం కాలేదు. కర్చీఫ్ ఇమ్మని అడిగే ధైర్యం లేకపోయింది. అది మళ్ళీ నా చేతికి రాలేదు.

అయినా గుమ్మం సంగతి ఆమెను వదల్లేదు. మర్నాడు తెల్లవారుజామునే ట్రాలీ తీయించింది. మేము మిల్లుకు చేరేసరికి అప్పుడప్పుడే వెలుతురు వస్తోంది. హాలు షట్టరు తెరిచి ఉంది. లోపల జనార్దన్ రెడ్డి తల్లి, డెబ్బై దాటిన ముసలమ్మ, చీర మోకాళ్ల దాకా ఎగదోపి, ఒక చేత్తో నీళ్ల పైపు, ఒక చేత్తో చీపురు పట్టుకుని హాలంతా కడుగుతోంది! గుమ్మం దగ్గర చెంబుతో అదనంగా కల్లాపి చల్లి, ఆ రోజు ముహూర్తమని ముగ్గు కూడా వేసింది. సైదులు నెత్తి మీద చేతులు పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. మేము వచ్చే వేళకు ఆ ఎండకు పైన ఆనవాలు కూడా మిగలడం లేదు. లోపలికి ఇంకిన నీళ్లు కవరు కిందికి వచ్చి కూర్చుంటున్నాయి. నాలుగు రోజులుగా మూడు ఊళ్ల పేరు, ఆరుగురి కడుపు, సేటు పరువు అన్నీ ఈ చీపురు కింద నలిగాయి.

"అమ్మా, ఎన్ని దినాల సంది కడుగుతున్నవ్?" అంది మార్తమ్మక్క.

"దినాం కడుగుతున్న బిడ్డా. ముహూర్తమున్న నేలను కడగకుంట ఎండవెట్టుకుంటరా? మీ కవర్లు ఒక్కటి గూడ ముట్టలే, జాగర్తగ సుట్టూత కడిగిన. సిమెంటుకు నీళ్లు వోస్తె బలం గద."

అదీ నిజమే. మా నాన్న నాకు చిన్నప్పటి నుంచి నేర్పిందీ అదే. కొత్త కాంక్రీటుకు నీళ్లు పట్టకపోతే పాపమన్నట్టు చూసే మనుషులం మేమంతా. గేటు దగ్గర వాచ్‌మన్‌ను, "నువ్వు చూస్తూనే ఉన్నవా?" అని అడిగితే, "దినాం సూస్తున్న సార్. అమ్మగారు కడుగుతుంటె వద్దనేటందుకు నేనెవన్ని? మీరేమన్న అడిగిన్రా?" అన్నాడు. ఇక ఎవరిని ఏమనాలి! ఈగ వాలితేనే ఇంత గోల చేసే మార్తమ్మక్క ఆ రోజు కేక వేస్తుందని ఎదురు చూశాను. ఆమె మెల్లగా వెళ్లి ముసలమ్మ చేతిలోంచి పైపు తీసుకుని, నీళ్లు కట్టేసి, "బలం సాలు అమ్మా. దానికి మస్తు బలమొచ్చింది. ఇగ జర ఎండనియ్యి" అంది.

జనార్దన్ రెడ్డి బనియను మీద టీ గ్లాసుతో వచ్చి చూశాడు. తల్లినీ, చీపురునీ, ముగ్గునీ, నన్నూ వరుసగా చూశాడు. నిన్న నన్ను అన్ని మాటలన్న నోరు తల్లి ముందు పెగల్లేదు. "అమ్మా..." అని ఆగిపోయాడు. ముహూర్తం తప్పలేదు. అదే రోజు ఉత్త కాంక్రీటు మీదే ఇటుకలు పేర్చి పాలు పొంగించారు, గుమ్మడికాయ కొట్టారు. ఆ పసుపు, కుంకుమ అరగదీయడానికి మాకు మళ్ళీ ఒక రోజు పట్టింది. ముసలమ్మ చేతికి ఆ హాలు తాళం దొరకకుండా చూసుకుని, రెండు వారాలు ఎండనిచ్చాక కవరు లేపాను. నేనే లేపాను. మార్తమ్మక్క బయట వేపచెట్టు కింద అటు తిరిగి కూర్చుంది. పొడిగా ఉంది. నమ్మకం చాలక నాలుగుసార్లు చూశాను. ఆ సాయంత్రం జ్వరం మిషను అంకె చూపించాక పోశాం. ఆ నేల మీద ఇప్పటికీ రోజూ బస్తాలు ఈడుస్తున్నారు. ఎక్కడా లేవలేదు.

సేటు ఊరంతా చెప్పుకున్నాడు. మార్తమ్మ గురించి కాదు, నా గురించి. "నేను ఎంత తిట్టినా గా పిలగాడు తడి ఉన్నదనే నిలబడ్డడు. గట్లాంటోడు కావాలె పనికి" అని మిల్లు మిల్లుకూ చెప్పాడు. నాకది మింగుడు పడలేదు. ఒకసారి, "నిజం సేటుకు చెప్పేస్తా అక్కా" అన్నాను. "సెప్పి?" అంది. "చెప్తే నాకు తేలికవుతుంది." "నీకు తేలికైతె నేలకేమొస్తది? మోసుడు నేర్సుకో. నేను మొయ్యలేదా తట్టలు" అని తన పనిలో తాను పడింది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ ఒక్క కవరు కింద కూడా తొంగి చూడలేదు. ఎన్నిసార్లు, "అక్కా, ఒక్కసారి చూడు, నాకు అనుమానంగా ఉంది" అని బతిమాలినా వినలేదు. అనుమానముంటే ఇంకో రోజు ఆగమనేది. మాట ఇచ్చి నిలబెట్టుకోవడంలో కూడా ఇంత సతాయించే మనిషిని నేనింతవరకు చూడలేదు.

చివరి రోజుల్లో సూర్యాపేట దవాఖానలో ఉంది. ఊపిరి ఆడక మూడు దిండ్లు పెట్టుకుని కూర్చుంది. నేను వెళ్లేసరికి మంచం మీద నుంచి ఒక పాదం కిందికి దించి నేలను తడుముతోంది. "సూసినవా? ఎవడు వోసిండో గని, అన్నీ బుడగలే. ఎండల వోసిండు ముండాకొడుకు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, "సైట్లో నిన్న కవరు లేపినక్కా..." అని మొదలుపెట్టాను. చేయి ఎత్తి ఆపేసింది. "నాకెందుకు సెప్తున్నవ్?" అంది. నాతో ఆమె అన్న చివరి మాట అదే. సమాధుల తోట నుంచి వచ్చాక సైదులు ఆమె సంచీ నాకిచ్చాడు. అందులో జ్వరం మిషను ఉంది. కర్చీఫ్ కోసం అడుగు దాకా వెతికాను. లేదు.

ఇదంతా కోదాడ షెడ్డులో ఆ తడి కవరు చేతిలో పట్టుకుని నిలబడి తలుచుకున్నాను. ప్రసాద్ గారు ఫోన్ జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చారు. ముఖంలో విసుగు అలాగే ఉంది, గొంతు మాత్రం తగ్గింది. "మిర్యాలగూడ జనార్దన్ రెడ్డి గారికి ఫోన్ చేశానండీ. మిమ్మల్ని మాకు చెప్పింది ఆయనే కదా. మీరు తడి అంటే తడేనట, నోరు మూసుకుని ఓపెనింగ్ వాయిదా వేసుకోమన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు అన్నారండీ మీ గురించి."

నేలల విషయంలో జన్మలో ఒక్క అబద్ధం ఆడని మనిషి, నా కోసం ఒకే ఒక్కటి ఆడి పోయింది. దాన్ని నిజం చేసుకుంటూ నేను ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాను. అప్పటికి జ్వరం మిషను ఎప్పుడో "హై" అనేసింది. చెమట కళ్లల్లోకి కారుతోంది. మిర్యాలగూడలో ఆ గురువారం నుంచి నేను సైటుకు కర్చీఫ్ తీసుకువెళ్లను. చొక్కాలన్నీ పాడు చేస్తున్నావని మా ఆవిడ రోజూ గొడవ పడుతుంది. మోచేత్తో ముఖం తుడుచుకుని, గుమ్మం దగ్గర ఇంకో కవరు పరిచి, నాలుగు వైపులా టేపు అంటించాను.